రత్నం మేడం తీసేసిన పేజీ

ఈ ఉదయం మా అరకు షాపుకి వచ్చిన సోలార్ పంపు కంట్రోలర్ మూత విప్పగానే కాలిన వైరు వాసన గుప్పుమంది. రత్నం మేడం ఉంటే, "ఎవడ్రా దీన్ని వండీసింది?" అనేవారు. ఆవిడ ఈ కొండల్లోనే పుట్టి, పాలిటెక్నిక్ చదివి, పంపుల మరమ్మతు షాపు పెట్టిన మనిషి. నాకు పని నేర్పిన యజమాని. ఈ ఏజెన్సీ కొండ ఊళ్లలో మెకానిక్కులం తలో మూలా ఉండి ఒకరు చేసిన తప్పే మళ్లీ ఇంకొకరం చేస్తున్నామని, ఫోన్లోనే అందరం కలిసి రాసుకునే ఒక వికీ మొదలుపెట్టారు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. తగువు వస్తే తీర్చేది మేడమూ నేనూ. నాకేమో చేతికి దురద. ఎవరి రాత కాస్త వంకరగా కనబడినా కొట్టేయాలనిపించేది.

"ఏటా తొందర? ఆడి ఊర్లో సిగ్నలుందేటి? సంతకొచ్చినప్పుడే గదా ఫోను సూసుకుంటాడు. సంత దాటనీ, ఆడి మాట ఆడు సెప్పుకోనీ," అనేవారు మేడం. అదే మా వికీ నియమం: రాసినవాడి ఊరి సంత దాటేదాకా ఎవరి రాతా చెరపకూడదు. ఇదేం చాదస్తం మేడం అని మొహం మీదే అన్నాను. "సాదస్తమే. నీకేటి నష్టం?" అని తన పనిలో పడిపోయారు.

ఒక వానాకాలం పెదబయలు వైపు నుంచి సన్యాసిరావన్న ఒక పేజీ పెట్టాడు. వికీలో అందరికన్నా ఎక్కువ రాసేది అతనే, అందరూ నమ్మేదీ అతన్నే. వానకి పంపు మాటిమాటికీ ఆగిపోతుంటే ఎర్త్ వైరు ఊడదీయండి, ఇక ఆగదు అని రాశాడు. ఆగదు, నిజమే; లీకైన కరెంటుని పట్టి పంపుని ఆపించేది ఆ వైరే. కానీ కరెంటు పైపులోకి దిగితే ఆపే దిక్కుండదు, కుళాయి పట్టుకున్నవాళ్ల ప్రాణం పోతుంది. అప్పటికే కింద ఇద్దరు 'మేమూ చేస్తాం' అని రాసేశారు.

"మేడం, సంత దాకా ఆగాలా?"

"ఆగుతావేటి, మతి గానీ పోయిందా? మనుసులు సచ్చిపోతారు!" అంటూనే పేజీ తీసేశారు. ఆ ఇద్దరికీ ఫోన్లో వద్దని చెప్పి, సిగ్నలు లేని అన్న ఊరికి బయల్దేరుతూ హెల్మెట్ అందుకున్నారు. "పద, బేగి. అక్కడ ఆ పంపు అలాగే నడస్తంది. పైగా సంతలో ఫోను తీసి తన రాత లేదని సూసుకున్నాడనుకో, ఆ అన్న ఇంక జన్మలో రాయడు."

ఘాటీ రోడ్డులో తడిసి ముద్దయి అన్న ఊరు చేరాం. సంగతి వినగానే సన్యాసిరావన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఊరి జనం ముందే, "నా రాత తీసీడానికి నువ్వెవరివమ్మా? ఈ ఊరికి నీళ్లాగకుండా సేసింది నాను!" అని అరిచాడు. మేడం బోరు పక్కనున్న ఇనప కుళాయికి టెస్టర్ ఆనించారు. వెలిగింది. అక్కడే బిందె పట్టుకుని నిలబడ్డ సన్యాసిరావన్న తల్లి, "కుళాయి జివ్వుమంటందని పొద్దున్నే సెప్పేనురా, ఇన్నావా?" అంది. అన్న పరుగెత్తి పంపు ఆపేశాడు. కరెంటు లీకవుతున్న కేబులు మార్చేదాకా ఊరంతా ఊట దగ్గరికే బిందెలు మోసింది.

వచ్చేముందు మేడం, "ఇప్పుడు జరిగింది కూడా నువ్వే రాయాల, అన్నా," అన్నారు.

"నా తప్పు నానే రాసుకోవాలా? నలుగురూ నవ్వరేటి?"

"నవ్వనీ. బతికుండి నవ్వుతారు."

సంతనాడు పేజీ వచ్చింది, అతని పేరుతోనే. 'నేను ఎర్త్ వైరు తీశాను. మా అమ్మ ఆ కుళాయే పట్టుకుంది. మీరు తీయకండి.' ఒక్కడూ నవ్వలేదు.

తరువాత కొంతకాలానికి మేడం జబ్బు చేసి పోయారు. నాకు ఏడుపాగలేదు. చూడటానికి వచ్చిన సన్యాసిరావన్న నా పక్కన కూర్చుని, "నన్ను మాటనీసి పోయినోళ్లు బోల్డుమంది. తప్పని సెప్పడానికి నా గుమ్మం ఎక్కింది ఆవిడొక్కర్తే," అన్నాడు.

ఇప్పుడు వికీ చూసుకునేది నేను. ఒకరి రాత తీసేయడం వేలితో అయ్యే పని, బండి తీయడమే కష్టం. తిట్లు తినడానికి ఘాటీ ఎక్కాలని ఎవరికుంటుంది? అయినా ఎక్కుతున్నాను. సన్యాసిరావన్న మేడం గురించి అన్న ఆ మాట ఏదో ఒక ఇంట్లో నా గురించి కూడా అనుకోవాలని నాకు మహా ఆశ.