మందు పోయిందా?

మట్టిలోని సూక్ష్మజీవుల్ని ఏడు నెలలు పెంచాను. కాలిఫోర్నియాలో ఎమ్మెస్ చేస్తున్న రోజులవి. బాదం తోటల్లో స్ప్రేయర్లు కడిగిన నీళ్లు మా ల్యాబ్‌కి వచ్చేవి. వాటిలో పెరాక్సైడు, ఇనుప లవణం కలిపితే పురుగుమందు ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని మట్టిజీవులు తినేస్తాయి. కానీ పెరాక్సైడు మిగిలి ఉండగా పోస్తే అవే చస్తాయి. అవి చస్తే నా థీసిస్ లేదు, ఆ సెమిస్టర్‌తో వీసా కూడా సరి.

ఆ రోజు క్లాసులో ఇరుక్కుపోయి, ల్యాబ్‌లో ఉన్న వరంగల్ జూనియర్‌కి ఫోన్ చేశాను. "మందు పూర్తిగా పోయిందో లేదో టెస్ట్ చేసి, ఆ నీళ్లు మట్టిజీవుల సీసాలో పొయ్యి."

"సరే అక్కా."

నేను వచ్చేసరికి సీసా నురగలు కక్కుతోంది. పెరాక్సైడు ఉండగానే పోసేశాడు.

"టెస్ట్ చెయ్యమన్నానా లేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

"చేసిన అక్కా. మందు జీరో వచ్చింది, చూడు."

వాడు చూపిన టెస్ట్ కాగితంలో పురుగుమందు నిజంగానే సున్నా.

"నేనన్నది పెరాక్సైడు రా!"

మా వాళ్లకి పొలం లేదు. మాకు మందంటే రోగం కుదిర్చేదే. నీళ్లని బాగుచేసే పెరాక్సైడుని ఏడు నెలలుగా మందనే అనుకుంటున్నాను. తప్పు నాదే, అయినా నోరు ఊరుకోదే. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావని దులిపేశాను.

మిగిలిన పెరాక్సైడుని విరగ్గొట్టే ఎంజైము వేసి, సీసాలో ఆక్సిజన్ మీటరు ముంచాం. అంకె తగ్గితే లోపలివి ఊపిరి పీలుస్తున్నట్టు. గంట గడిచినా అంకె కదల్లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"నీకు క్లాసుంది కదా, వెళ్లు."

"ఉంట అక్కా." మీటరు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "మాకు మందంటే పత్తికి కొట్టేదే. మా నాయన తాగింది గూడ అదే. ఇట్లనే మిషన్ జూసుకుంట కూసున్నం దవాఖాన్ల. అంకెలు దిగుకుంట పోయినయ్."

కుర్చీ వాడి పక్కకి జరుపుకున్నాను.

నాలుగింటికి అంకె కొంచెం తగ్గింది. మళ్లీ తగ్గింది. వాడు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"దిగుతుంది అక్కా."

"దిగనీ నాన్నా," అన్నాను. "ఇక్కడ దిగితే బతికినట్టు."