గోడ సాక్ష్యం చెల్లదు

కాలవగట్టు పేట ఎజ్రాగారు టీవీ రిమోటు నొక్కి ఊరి కాలవని ఆపేసిన మనిషి. ఇది అబద్ధమైతే నాలిక కోసుకుంటానంటాడు ఉదయభాస్కర్. ఇంటర్ రెండో ఏడు మధ్యలో వదిలేశాక అతనికి మిగిలిన ఆస్తి ఆ నాలికొక్కటే కాబట్టి, పందెం చిన్నదేం కాదు.

ఏప్రిల్ నెల, ఆదివారం. కిటికీ పక్కన కూర్చున్న ఎజ్రాగారు రిమోటు చాచి "ఆపు!" అన్నారు. టీవీలో బొమ్మ ఆగింది. కిటికీ బయట కాలవలో కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క మొక్కల తెప్ప ఆగింది. దాని మీద వస్తున్న కొంగ ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయింది. ఉదయభాస్కర్ కళ్ళారా చూశాడు.

అసలు ఎజ్రాగారు ఏ బొమ్మనీ ఆపకుండా చూడలేరు. కాలవల ఆఫీసు రికార్డు గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన ఆయనకి కాగితం చూడందే ఏ మాటా ఎక్కదు. తుపాను తీరం దాటిందని వార్తల్లో చెప్తే ఆపి, "ఎవరు చూశారు? సంతకం ఎవరు పెట్టారు?" అనేవారు. ఆ విచారణ తేలేలోపు తుపాను పేట కూడా దాటిపోయేది. కూతురి పెళ్ళి వీడియోలో పాస్టరుగారు "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నచోట ఆపి, "లేదన్నట్టు ఎక్కడ రాసుకున్నాడాయన?" అని నిలదీశారు. కూతురికి ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ వీడియో మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

అలాంటాయన ఇంటికి నెట్ కనెక్షన్ లాగి, తెలుగులోకి మార్చిన అమెరికా సీరియలొకటి పెట్టిన పాపం ఉదయభాస్కర్‌ది. అందులో ఓ నల్లజాతి అమ్మాయి పగలు బస్సు నడుపుతుంది. పొద్దుగూకాక ముసుగేసుకుని గోడ మీద చెయ్యి పెడితే, ఆ గోడ చూసిందంతా ఆవిడకి కనపడుతుంది. వందేళ్ళ కిందట తెల్లవాళ్ళు గుంపుగా వచ్చి ఆవిడ తాతల పేటని తగలబెట్టారట. బళ్ళో పుస్తకాల్లో దాని గురించి ఒక్క ముక్క లేదట. పేటలో ఆ సీరియల్‌కి "గోడలక్క" అని పేరు స్థిరపడింది. ఆదివారం చర్చి అవగానే ఏడిళ్ళ జనం ఎజ్రాగారి హాల్లోనే.

గోడలక్క మొదటి గోడ మీద చెయ్యి పెట్టగానే ఎజ్రాగారు ఆపారు.

"చెల్లదు."

"ఏంటి బాబాయ్ చెల్లనిది?" అన్నాడు ఉదయభాస్కర్.

"గోడ సాక్ష్యం. రేపు కోర్టులో గోడ వచ్చి బైబిలు మీద చెయ్యి పెడుతుందా? కాగితం తెమ్మను."

"ఆవిడ గాల్లో ఎగురుద్ది బాబాయ్! దానికి లేని అభ్యంతరం గోడకేంటి?"

"ఎగిరితే ఎగరనీ. అది ఆవిడ సొంత విషయం."

ముప్పావుగంట భాగం మూడు ఆదివారాలు పట్టేది. ఆయన భార్య దేవకుమారిగారు మధ్యలో వంకాయకూర పొయ్యి మీద పడేసి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి వచ్చినా గోడలక్క చెయ్యి ఇంకా అదే గోడ మీద ఉండేది.

ఇంత జరిగినా కదలకుండా కూర్చునేది తబితమ్మగారొక్కరే. ఎజ్రాగారికి పిన్ని. ఎనభై ఒకటో ఏడు. చేతికర్ర పక్కనే పెట్టుకుని ముందు వరసలో కూర్చునేది. ఆవిడకి సీరియల్ కంటే తగువంటే ఇష్టం. ఆవిడ గురించి పేటలో అందరికీ తెలిసి, ఎవరూ ఎత్తని సంగతొకటుంది. ఆవిడ దీపం వెలిగించదు. కరెంటు పోతే చీకట్లోనే కూర్చుంటుంది. క్రిస్మస్ ఆరాధనలో చేతికి కొవ్వొత్తి ఇస్తే వెలిగించకుండా పక్కవాళ్ళకి అందిస్తుంది.

ఆవిడకి ఆరేళ్ళప్పుడు ఈ పేట కాలిపోయింది. పదకొండు గుడిసెలు, ఇద్దరు మనుషులు. కూలి ధాన్యం ఓ కుంచం ఎక్కువ అడిగినందుకు కామందుల మనుషులే అంటించారని గుసగుస ఉండేది. ఊరి మునసబు రాసిన కాగితం మాత్రం, సాయంత్రం దీపాలవేళ ఫలానా గుడిసెలో పిల్ల వెలిగించిన దీపం పడిపోయిందని తేల్చేసింది. ఆ పిల్ల తబితమ్మగారు. ఆ ఇంట్లో రోజూ దీపం పెట్టేది ఆవిడే. గుసగుసలు పోయాయి, కాగితం నిలబడింది.

ఆ ఏప్రిల్ ఆదివారం ఆరో భాగం వచ్చింది. పేట కాలే భాగం. కాగడాలు దూరంగా కనపడ్డాయో లేదో, ఎజ్రాగారు "ఆపు!" అన్నారు. కాలవ ఆగింది అప్పుడే.

"ఆ కాగడాల్లో నూనె ఎవరు కొన్నారు? చీటీ ఏది?"

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా, తగలబెట్టనీ!" అని ఉదయభాస్కర్ మొత్తుకున్నాడు. హాలంతా నవ్వింది. బొమ్మ కదిలింది. మళ్ళీ ఆగింది. కదిలింది. పదమూడుసార్లు ఆగాక గోడలక్క ఓ పాత ఆఫీసు గోడ మీద చెయ్యి పెట్టింది. తెల్ల దొర ఒకడు తాపీగా రాస్తున్నాడు: "వంటింట్లో పొయ్యి తిరగబడి మంటలు లేచినవి."

"ఆపరా!"

ఈసారన్నది ఎజ్రాగారు కాదు, తబితమ్మగారు.

ఆవిడ కర్ర వదిలి టీవీ వైపు వంగింది.

"వాళ్ళూ అలాగే రాశారట్రా?" అంది ఆవిడ.

"అలాగే రాస్తారు పిన్నీ."

"మరి... మనదో?"

ఎజ్రాగారు రిమోటు కింద పెట్టారు. ఆయన చేతిలో రిమోటు లేకపోవడం ఉదయభాస్కర్ చూడటం అదే మొదటిసారి. లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్సు కాగితమొకటి తెచ్చారు.

"మన కాలవ మీది లాకు పుస్తకం పిన్నీ. లాకు తలుపులు ఎప్పుడు తీశారు, ఏ పడవ ఎప్పుడు దాటింది, అన్నీ రాసేవాళ్ళు. ఆ రోజు పేజీ ఇది. 'మధ్యాహ్నం మూడు గంటలు. పేట తగలబడుచున్నది. పడవవాండ్రు పడవలు విడిచి పరుగెత్తిరి. తలుపులు తీయలేదు.'"

"మూడింటికా?"

"మూడింటికే. పట్టపగలు దీపమెవరు పెడతారు పిన్నీ?"

తబితమ్మగారు కాగితం కళ్ళకానించుకుంది. చదువురాదు. అయినా చాలాసేపు చూసింది.

"సంతకం ఏది?"

"ఇదిగో. లాకు గుమాస్తాది."

"స్టాంపో?"

"వెనకాల ఉంది."

ఆవిడ తిప్పి చూసి, స్టాంపుని బొటనవేలితో రుద్దింది. "మూడింటికి మా అమ్మతో చేలో పరిగె ఏరుతున్నాన్రా నేను. అప్పటికి దీపం చిమ్నీ కూడా తుడవలేదు. ఇన్నేళ్ళూ మనసులో తుడుస్తూనే ఉన్నా." అని, దిగాల్సిన ఊరు వచ్చిన బస్సు ప్రయాణికురాలిలా పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత నవ్వింది. ముందు పళ్ళు రెండే ఉన్నాయి, రెండూ నవ్వాయి.

వంటింటి గుమ్మంలో ఉదయభాస్కర్ దేవకుమారిగారిని పట్టుకున్నాడు. "ఈ కాగితం ఎప్పుడు దొరికింది పిన్నిగారూ?"

"తొమ్మిదేళ్ళయింది. చెప్పబోతే ఆవిడ కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయేది. నిప్పన్న మాట వినపడితే చాలు, కర్ర మీదకి చెయ్యెళ్ళేది. తనంతట తను అడిగితేనే నమ్ముతుందనేవారు ఈయన."

ఉదయభాస్కర్‌కి అప్పుడు వెలిగింది. గోడలక్క మొదలయ్యాక ఎజ్రాగారు ఏనాడూ టీవీ వైపు చూసి ఆపలేదు. ఆవిడ చెయ్యి కర్ర మీద పడగానే ఆపేవారు. చీటీ అనీ, సంతకమనీ తగువు లేపేవారు. తగువు వినడానికి ఆవిడ కర్ర వదిలి మళ్ళీ కూర్చునేది. ఇవాళ పదమూడుసార్లు.

బయట పొద్దుగూకింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"ఈసారి ఆపింది నేను కాదు," అన్నారు ఎజ్రాగారు చీకట్లోంచి.

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. ఒకటి ఆరిపోయింది. రెండోది నిలబడింది. క్రిస్మస్ నాటి సగం కొవ్వొత్తి పట్టుకుని తబితమ్మగారు కనపడింది.

"ఏంట్రా అలా చూస్తారు? ఎప్పుడూ దీపం చూళ్ళేదా? కరెంటు రాగానే మిగతాది వెయ్యండి. ఒరేయ్ ఎజ్రా, ఇంక ఆపావంటే ఈ కర్రతో కొడతాను."

మర్నాడు టీ కొట్టు దగ్గర ఉదయభాస్కర్ కథ ఎత్తుకున్నాడు. రిమోటు, గుర్రపుడెక్క, ఒంటికాలి కొంగ అన్నీ వరసగా దించి, "అంతే! ఎజ్రా బాబాయ్ నొక్కాడు, కాలవ ఆగింది!" అని ముగించాడు. బల్ల చివర పేపరు చదువుకుంటున్న ఎజ్రాగారు తల కూడా ఎత్తలేదు.

"నేను ఆపలేదండి. ఏటా ఏప్రిల్లో మరమ్మతులకని కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. ఆర్డరు కాగితం ఉంది."