పొత్తిళ్లలో కొడవలి ముక్క

ఈ సాయంత్రం బడి నుంచి వస్తూనే మా అమ్మాయి, "అమ్మా, మా టీచరు బాయి మమ్మల్ని అందర్ని కాంట మీద నిలబెట్టింది. అందరికంటె నేనే అల్కగ ఉన్న!" అని ఏదో బహుమతి గెలిచినట్టు చెప్పింది. "చెప్పులు విప్పినవా?" అన్నాను. నా నోట మొదట వచ్చిన మాట అదే. మా ఆయన పేపరు దించి, "ఇగ షురూ అయింది" అని నవ్వారు. ఇప్పుడు తండ్రీ బిడ్డా నిద్రపోతున్నారు. నేను మాత్రం లేచి ఒకసారి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వచ్చి ఇది రాస్తున్నాను. బడికి పోయే పిల్లకు ఊపిరి ఆడుతోందో లేదో చూడటం తెలివితక్కువతనమని తెలుసు. చంద్రపూర్‌లో బీయే చదివినదాన్ని. చదువుకూ ఈ అలవాటుకూ సంబంధం లేదు.

అది ఎనిమిదో నెలలోనే పుట్టింది, నిండు వానల్లో. సిరోంచలో చూసిన డాక్టరు, ఇంత చిన్న బిడ్డను ఇక్కడ బతికించలేం, నది దాటించి పెద్ద పట్నం తీసుకుపొమ్మన్నాడు. నది ఎర్రగా పొంగి ఉంది. పడవ మనిషి నన్నూ, అత్తమ్మ రొమ్ముకు కట్టుకున్న మూటనూ చూసి, "పురుటి మనిషిని, పసిగుడ్డును నీళ్లు దాటియ్యరాదు గదనే అవ్వా" అన్నాడు. "నువ్వు పడవ దాటియ్యి. రాదో వస్తదో నేను చూసుకుంట" అంది అత్తమ్మ. ఎలా చూసుకోబోతోందో నాకు అప్పుడు తెలియదు. గొంగడి కింద బిడ్డ కదులుతోందా లేదా అన్నది తప్ప ఆ రోజు నేనేమీ చూడలేదు.

పట్నం ఆసుపత్రిలో నెలలు నిండని బిడ్డలకు వేరే వార్డు ఉండేది. గాజు పెట్టెలు, వాటిలో వెచ్చని బల్బులు, ముక్కుల్లో సన్నని గొట్టాలు, డెటాల్ వాసన. అక్కడి డాక్టరమ్మ ఒక పరిశోధన చేస్తోంది. అంతవరకూ తల్లుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు, రోగాలు తెస్తారని. లోపలికి రానిచ్చి, రోజూ కాసేపు బిడ్డను ఒంటికి హత్తుకోనిస్తే బిడ్డలు త్వరగా బరువు పెరుగుతారేమోనని ఆమె ఆలోచన. అందుకని రెండు గదులు పెట్టింది. ఒక గదిలో నర్సులు మాత్రమే. ఇంకో గదిలో తల్లి, తోడుగా ఒక ఆడమనిషి. ఏ బిడ్డ ఏ గదిలోకన్నది చీటీ తీసి తేల్చేవారు. "చీటీ తీసి బిడ్డను సాదుతరా? ఇదేం సదువు?" అని అత్తమ్మ గొణిగింది గానీ, మాకు తల్లుల గది వచ్చిందని చెప్పగానే ఆ చదువు మంచిదే అయిపోయింది.

రోజూ పొద్దున నర్సు బిడ్డను పొత్తిళ్లతో సహా తూచి, బట్ట బరువు తీసేసేది. విప్పితే చలి పడుతుందని. మా బిడ్డ బరువు ఉన్నచోటే ఉండేది, ఒక్కోసారి తగ్గేది. తగ్గిన రోజు నేను అన్నం ముట్టేదాన్ని కాదు. అత్తమ్మ ఊరుకోబెట్టేది, తిట్టేది, నాకు చేతకాక పొత్తిళ్లు మార్చే పని కూడా తనే చూసుకునేది. ఉన్నట్టుండి ఒక పొద్దున బరువు పెరిగింది. మిగతా తల్లుల బిడ్డలవి కూడా ఒక్కొక్కరివే పెరగసాగాయి. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. తల్లుల్ని రానివ్వొద్దన్న పెద్ద డాక్టర్లను పిలిచి మరీ చూపించింది. మా బిడ్డ దగ్గర ఆగి, "ఈ బరువు నిలబడితే రేపు పెట్టెల నుంచి తీసేద్దాం. ఎల్లుండి మీ ఊరికి పోవచ్చు" అంది.

ఊరు అనగానే నాకు మా ఇంటి నులక మంచం గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకుంటున్న, ఒళ్లు పచ్చిగా ఉన్నదాన్ని, నిలబడి నిద్రపోయేంత అలసిపోయి ఉన్నాను. ఆ సంబరంలో, మొదటిసారి, పొత్తిళ్లు నేనే మార్చబోయాను. మడతల్లోంచి నా ఒళ్లోకి ఒక కొడవలి ముక్క పడింది.

మావైపు, గాలి సోకుతుందని, పసిబిడ్డ పక్కన ఇనుము లేకుండా ఒక్క పూట ఉంచరు. నీళ్లు దాటిన బిడ్డకైతే మరీను. అత్తమ్మ పడవెక్కేటప్పుడే దాన్ని రొంట్లో దోపుకుందట. బిడ్డ బరువు దిగుతుంటే చూడలేక పొత్తిళ్లలోకి మార్చిందట. "ఏంది అత్తమ్మా ఇది?" అంటే, "మెల్లగ మాట్లాడు. నేనేమన్న మురికిది పెట్టిన్నా? ఉడకబెట్టే పెట్టిన" అంది. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. చెబితే ఎల్లుండి లేదు. పైగా తల్లుల గదే మూసేయవచ్చు, బిడ్డను కిటికీలోంచే చూడాలి. చెప్పకపోతే, బరువు పెరగని బిడ్డ పెట్టెలోంచి బయటికొస్తుంది. చలిలో, నది మీద. ఆలోచించే ఓపిక కూడా లేదు. లేచి వెళ్లి డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

ఆమె కాసేపు దాన్ని తిప్పి చూసింది. తర్వాత రెండు గదుల్లోనూ పొత్తిళ్లు విప్పించింది. నర్సుల గదిలో ఏమీ లేదు. మా గదిలో తాళంచెవి ఒకటి, గొలుసు ముక్క, అడకత్తెర సగం, ఒక లారీ డ్రైవరు మనవడి దగ్గర ఇంత బోల్టు. "నీ అత్తనే చెప్పింది మాకు" అని పక్క పెట్టె దగ్గరి పెద్దమ్మ నామీద లేచింది. డాక్టరమ్మ స్టూలు మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు, "నేను ఇన్ని రోజులు ఇనుము తూచిన్నా అమ్మా?" అంది. అత్తమ్మే అంది: "తూచేది మీకు కావాలె, ఇనుము మాకు కావాలె. కోపం జేస్తే ఎట్ల? మమ్మల్ని మాత్రం ఎల్లగొట్టకుండ్రి. ఆ పిల్ల తల్లి ఒంటి మీదుంటెనే పాలు గుట్కేస్తాంది, మీరే సూడుండ్రి."

డాక్టరమ్మ లేచింది. "ఇనుము పరుపు కింద పెట్టుకోండి. పొత్తిళ్లల్ల వద్దు. రేపటి నుంచి వేడి గదిల, బట్టలిప్పి తూస్తం. మళ్ల మొదటి నుంచి." తల్లుల గది ఉంది. మా బిడ్డ ఒంటి మీద నూలు పోగు లేకుండా కాంటా మీద పడుకున్నప్పుడు ముల్లు ఎంత తక్కువ దగ్గర ఆగిందో చూసి, ఆ అంకెను నర్సుతో మళ్లీ చదివించాను. ఎల్లుండి అన్న ఊరు, వానలు వెనకబట్టి నది మోకాలి లోతుకు దిగాక గానీ రాలేదు. ఆ పరిశోధన చివరికి ఏం తేల్చిందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

ఇందాక నేను అమ్మాయి చాప సర్దుతుంటే చేతికి చల్లగా తగిలింది. అత్తమ్మ పోయి రెండు వానలు దాటినా, ఆ కొడవలి ముక్క చాప కిందే ఉంది. తీసి ఊడ్చి మళ్లీ అక్కడే పెట్టేది నేనే. అప్పుడు ఒక్క రోజు గడిస్తే చాలనుకుని బతికాను. అన్ని రోజులూ ఎటు పోయాయో, చెప్పులు విప్పే తూచారట, అందరికంటె అల్కగ ఉంటేనేం, అమ్మాయి బాగానే పెరిగింది.