నల్లదారం మూట

మా అత్తకు చదువు రాదు. మణుగూరులో గోబిపువ్వు గింజలు కొన్నప్పుడు ఏ ప్యాకెట్ ఎప్పటిదో షాపులోనే అడిగి, ఇంటికి రాగానే మూడు గుడ్డమూటలు కట్టేది. ఎర్రదారం మూట వానాకాలానిది, దసరాకు పువ్వు ఇస్తుంది. పసుపుదారం నడిమిది. నల్లదారం మూట గింజ చలి ముదిరితే గాని పువ్వు పట్టదు. చూడ్డానికి మాత్రం మూడూ ఒకటే, ఆవాల్లా ఉంటాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఆ మూటలను నన్ను ముట్టనిచ్చేది కాదు. "నీ చెయ్యి తాకితే మొలవయ్" అనేది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి వాకిలి ఊడ్చడం దాకా తిట్టని రోజు లేదు. ఒకరోజు అట్లాగే తిట్టి ఆమె అడవి అంచున ఉన్న మా చేనుకు పోగానే, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, మూటల డబ్బాను విసిరికొట్టాను. ఎర్రదారం, నల్లదారం ఊడిపోయాయి. ఏది దేనిదో చూడకుండా చేతికొచ్చినట్టు కట్టి పెట్టేశాను.

ఆషాఢంలో ఆమె ఎర్రదారం విప్పి నారు పోసింది. నాట్లు అయ్యేసరికి మంచాన పడింది. కడుపులో గడ్డ. ఖమ్మం దవాఖానాలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "పువ్వు చూసి పోత" అంది. రోజూ పొద్దున్నే అదే మాట.

"పువ్వు పట్టిందా పిల్లా?"

దసరా వచ్చింది. మొక్కలు మోకాలెత్తు ఆకు పెట్టాయి తప్ప నడుమ పువ్వు లేదు. నేను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. సంతలో ఒక పువ్వు కొని, మన చేనిదే అని ఆమె చేతిలో పెట్టాను.

తిప్పి చూసింది. పువ్వు పట్టగానే చుట్టూ ఆకులు మడిచి అరటినారతో కట్టడం ఆమె పద్ధతి. ఎండ తగలక తెల్లగా ఉంటుంది. ఇది పచ్చబడి ఉంది.

"ఇది కట్టిన పువ్వు కాదు. సంతల కొన్నవ్."

పువ్వు తీసుకుని పక్కన పెట్టాను.

"దారాలు మార్చినవా?"

"అవ్ అత్తమ్మా."

ఇక తిట్లే అనుకుని తల వంచుకున్నాను.

"చలి రానియ్యి. అప్పుడు పడ్తది. ఆకు కట్టుడు మర్వకు" అంది.

దీపావళి చూడకుండానే పోయింది.

పుష్యంలో చేనంతా ఒక్కసారే పువ్వు పట్టింది. ఒక్కటి కూడా వదలకుండా ఆకులు కట్టాను. కోస్తే తెల్లగా, గట్టిగా ఉన్నాయి. "మా అమ్మ చేతి గింజ" అని మా ఆయన కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆమె చూడాల్సిన పువ్వు గింజలు నల్లదారం మూటలోనే ఉండిపోయాయి.

ఉప్పు ఎక్కువైతే వీధంతా వినపడేలా తిట్టిన మనిషి, ఆ ఒక్కదానికి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.