రంగుల డబ్బా మీద ఎర్ర గుర్తు

ఆలూర్ నుంచి వేల్పూర్ దాకా ఎన్నో ఇళ్ల గోడల మీద, పోయిన పెద్దలు నా చేతి గీతల్లో నుంచి చూస్తుంటారు. ఎనభైల్లో ఆర్మూర్‌లో నా పని అదే. చిన్న ఫొటో తెచ్చిస్తే, సుద్దముక్కలా మెత్తగా ఉండే పాస్టెల్ రంగులతో పెద్ద కాగితం మీద ఆ ముఖాన్ని మళ్లీ నిలబెట్టేవాణ్ణి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంగ్లీషు కూడా డిక్షనరీ ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. గొప్పకే చెబుతున్నాను.

పాస్టెల్ గీస్తే పొడి రాలుతుంది. దాన్ని ఊదేసేవాణ్ణి, కింద పాత పేపరు పరిచేవాణ్ణి.

పసుపు అంగడికి వచ్చే రోజుల్లో ఒకనాడు నా భార్య కత్తిపీట మీద వేలు తెగ్గోసుకుంది. మా అమ్మకు చూపు అంతంత మాత్రం. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ మూల చూసినా పేపర్ల మీద పసుపే. అమ్మ చేతికందిన పేపరు మీది పచ్చపొడి చిటికెడు తీసి కోడలి వేలికి అద్దింది. అది నా బొమ్మ కింద రాలిన పొడి.

చూసి పరుగెత్తి, వేలు సబ్బుతో కడిగించాను.

"పసుపు కాదా గది? మరేంది?" అంది అమ్మ.

"రంగు."

"రంగుల ఏముంటదిరా?"

నాకు తెలియదు. నా భార్య నా ముఖంలోకి చూసింది. "ఏముందో ఎర్కలేని దాన్ని ఇంట్ల పెట్టినవా? రేపు అత్త పప్పుల ఏస్తది. గా రంగులన్న పోవాలె, నేనన్న వేల్పూర్ పోవాలె. తేల్చుకో."

"నన్నెందుకు నడుమ తెస్తవే పిల్లా? పచ్చగ కనబడంగనే నువ్వు గూడ వేలు చాపినవు గద," అంది అమ్మ.

గీసుకోవడానికి నాకు ఆ ఇల్లు తప్ప వేరే చోటు లేదు. భార్య పుట్టింటికి పోవడమో, నేను బొమ్మలు మానేసి, మునుపట్లా కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో సంచులు కుట్టుకోవడమో.

రంగులు నిజామాబాద్‌లో విడి ముక్కలుగా కొనేవాణ్ణి. పెట్టె దుకాణంలోనే ఉండిపోయేది. మర్నాడు పోయి పెట్టె చూపించమన్నాను.

"పెట్టె ఎందుకు పెయింటర్ సాబ్, నాకుతవా?" అన్నాడు దుకాణదారు.

"సదువుత."

"గా సన్నక్షరాలు ఎవలు సదువుతరే? గీస్తె రంగు పడ్తుందా లేదా, గంతే."

అక్కడే నిలబడి, డిక్షనరీ తీసి, పెట్టె వెనక ఉన్నదంతా చదివాను. పొడి పీల్చవద్దు. నోట్లోకి పోనీయవద్దు, గాయాలకు తగలనీయవద్దు. పనయ్యాక చేతులు కడగాలి. కొన్ని పసుపు, నారింజ రంగుల్లో సీసం, కాడ్మియం ఉన్నాయి, ఇవిగో ఆ రంగులు అని కూడా ఉంది. తయారు చేసినవాడు నిజం రాశాడు. అమ్మేవాడు ఆ నిజాన్ని అల్మారాలో పెట్టుకుని రంగు మాత్రం చేతిలో పెట్టాడు. లేబుల్ చింపి పురుగుమందు అమ్మితే రైతు ఊరుకుంటాడా? నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ పెట్టె లాక్కునే బస్సెక్కాను.

తెలుగులో రాసి అంటిద్దామంటే అమ్మకు చదువు రాదు. కానీ చేలో కొట్టే మందు డబ్బా మీది ఎర్ర గుర్తు, దాని మీది పుర్రె ఆమెకు బాగా తెలుసు. ఆ గుర్తే ఒక రేకు డబ్బా మీద వేసి, లోహాలున్న రంగులన్నీ అందులో సర్దాను. తక్కినవి వేరే డబ్బాలో. వాటికి ఎర్ర గుర్తు పెట్టలేదు, అన్నిటికీ పెడితే దేన్నీ ఎవరూ లెక్కచేయరు. పొడి మాత్రం అన్నిటికీ లేస్తుంది కాబట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడమనిషి బొమ్మ రెండు డబ్బాల మీదా వేశాను. పసుపు కొమ్ములకు మెరుగు రావడానికి డ్రమ్ములో వేసి తిప్పేటప్పుడు మావాళ్లు కట్టుకునేది అట్లాగే.

నా భార్య డబ్బా తిప్పి తిప్పి చూసింది. "గీమె ముక్కు నా లెక్కనే ఉన్నది."

"గుడ్డ కప్పినంక ముక్కు యాడ కనబడ్డదే నీకు?" అంది అమ్మ.

"ఊదుడు బంద్," అంది నా భార్య నాతో. "తడిగుడ్డతోని తుడువు. డ్రమ్ము తిప్పేటోళ్లు గాలికెదురు కూసుంటరా? బొమ్మలు గీసే పలక వసారల పెట్టుకో."

పెట్టుకున్నాను. ముక్కుకు గుడ్డ కట్టాను. రాలిన పొడి పేపరుతో సహా తడిపి చుట్టేసేవాణ్ణి. వంటింటి వైపు రంగు చేత్తో పోలేదు.

కొన్నాళ్లకు ఆలూర్ నుంచి వచ్చిన చుట్టమొకాయన కాలికి దెబ్బ తగిలించుకుని, నా పలక కింది పచ్చపొడికి చేయి చాపాడు. అమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"పక్కన డబ్బా మీద ఎర్ర గుర్తు కనబడ్తలేదా? గది పసుపు కాదు. మా కొడుకు రంగు."

నా భార్య వంటింట్లోంచి పసుపు తెచ్చింది. వేల్పూర్ మాట మళ్లీ ఎత్తలేదు.