ఆళ్లగడ్డ బజారు మూతపడిన మధ్యాహ్నం

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం అది. నంద్యాల ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డ మా నాయనను ఆళ్లగడ్డకు తెచ్చుకున్నాం. మళ్లీ సోకితే మనిషి దక్కడని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆయన వింటేనా! ఇల్లు వెనక, కిరాణా అంగడి ముందు. కాళ్లలో కాస్త సత్తువ రాగానే వెళ్లి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

పన్నెండుకల్లా మూసేద్దామని బజారు వ్యాపారులంతా తమంతట తామే అనుకున్నారు. పోలీసుల బలవంతం లేదు. అందుకే ఒక్కరూ మూయలేదు! నాయన ఎదురు బట్టల అంగడాయన వంక చూస్తాడు, ఆయన మా వంక చూస్తాడు. అందరివీ సగం దించిన షట్టర్లే, కింద నుంచి వంగి దూరే జనమే. నాకు ఒళ్లు మండిపోయేది.

“ఆయప్ప మూయనీ, నేనూ మూస్తా” అన్నాడు నాయన ఒకరోజు పన్నెండు దాటాక, దగ్గుతూ.

“నీ దగ్గు కూడా ఆయప్పే దగ్గుతాడా? లెయ్ లోపలికి!”

ఆయన్ని లోపలికి పంపి, ఉన్న బలమంతా పెట్టి షట్టర్ లాగాను. దబీమని నేలకు తగిలింది.

మిద్దెక్కి చూద్దును కదా, బట్టల అంగడి మూతపడింది! ఆ వెంటనే పాత్రల అంగడి, మిఠాయి అంగడి, మూల మీది చెప్పుల అంగడి. దడదడా ఒకటే మోత! ఒక్కరు కదిలితే చాలు, గొర్రెల మందలా అందరూ కదులుతారు. గంతులేసుకుంటూ కిందికి పరిగెత్తాను.

“నాయనా, బజారంతా మూసిరి! నా దెబ్బకు!”

అంతలో ఎవరో పక్క తలుపు తట్టారు. తీస్తే బట్టల అంగడాయన. చేతిలో పూలదండ, కళ్లనిండా నీళ్లు.

“అన్న ఎప్పుడు పాయ పాపా?”

అప్పుడు వెలిగింది నాకు. మా బజారులో వ్యాపారి ఎవరైనా పోతే, తెలిసిన మరుక్షణం అందరూ షట్టర్లు దించేస్తారు. పట్టపగలు మా షట్టర్ పూర్తిగా పడేసరికి నాయన పోయాడనుకున్నారు.

“యాడికప్పా పోయేది? ఈడనే ఉండా” అంటూ నాయన నా వెనక నుంచి వచ్చాడు.

బట్టల అంగడాయన దండ వదిలేసి, గోడకు ఆనుకుని ఏడుస్తూనే నవ్వాడు. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను. నాయన మాత్రం నవ్వలేదు. మూసిన అంగళ్లను ఆ చివరి దాకా చూశాడు.

“పోయినానని మూస్తిరి గదప్పా. ఉండానని రేపు కూడా మూయండి.”

మరుసటి రోజు పన్నెండు కాకముందే ఎదురు షట్టర్ పడింది. నాయన ఎవరూ చెప్పకుండానే లేచాడు.