హర్షిత వద్దన్న నవల

మా చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలన్నీ మిద్దె మీదే... అమ్మ వడియాలు పెట్టి, కాకులు రాకుండా చూడమని నన్నూ సరళక్కనూ కాపలా కూర్చోబెట్టేది. అప్పటి కొత్తగూడలో మా మిద్దె ఎక్కితే చుట్టూ రాళ్లగుట్టలే కనిపించేవి.

అక్క ఒళ్లో వారపత్రికల్లోంచి చింపి, దారంతో కుట్టిన సీరియల్ ఉండేది. తను పైకి చదివేది, నేను వినేదాన్ని. అందులో అందరూ పెద్దవాళ్లే... పెళ్లిళ్లు, కాపురాలు, కన్నీళ్లు. మా ఈడు పిల్ల ఒక్కతీ ఉండేది కాదు.

నేను పెద్దమనిషినైన ఏడాది అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "ఇగ బయట తిరుగుడు బంద్." ఎందుకో చెప్పలేదు. కడుపునొప్పి కన్నా భయమే ఎక్కువగా ఉండేది. ఇదంతా ఏమిటని అక్కను అడిగాను.

"నాకేం తెల్సే? నాకు గూడ ఎవ్వరు చెప్పలె," అంది అక్క. మళ్లీ సీరియల్ చదవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మదీనాగూడలో ఫ్లాటు, హైటెక్ సిటీలో ఉద్యోగం. నా కూతురు హర్షిత ఇంటర్ చదువుతూ బాచుపల్లిలో కాలేజీ హాస్టల్లో ఉంటోంది. ఈమధ్య ఇంట్లో తన గది సర్దుతుంటే మంచం కింద ఒక ఇంగ్లిష్ నవల దొరికింది. ఆ ఈడు పిల్లల కోసం రాసినది. ఊరికే తెరిచి, అక్కడే నేల మీద కూర్చుని సగం చదివేశాను. మిగతాది ఆఫీసు క్యాబులో...

అందులో పదహారేళ్ల పిల్ల. ఊరు మారి, ఉన్న ఒక్క స్నేహితురాలికీ దూరమవుతుంది. తన ఒళ్లే తనకు పరాయిగా అనిపిస్తుంది. నేను ఆ వయసులో అడగలేకపోయినవన్నీ ఆ పిల్ల అడుగుతుంది. ఫ్లైఓవర్ మీద క్యాబు ఆగిపోయినప్పుడు చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను... ఇన్నేళ్లకు నా పుస్తకం దొరికిందనుకున్నాను.

కానీ ఆ కథలో ఒక అమ్మ కూడా ఉంది. సాయంత్రం అలసిపోయి వస్తుంది. తిన్నావా, మార్కులెన్ని అని అడిగి, జవాబు వినకముందే ఫోన్ ఎత్తుతుంది. చివరి పేజీ దాకా ఆ పిల్ల అమ్మకు ఏమీ చెప్పదు. ఆ అమ్మ మాటలు నాకు నా గొంతులోనే వినిపించాయి.

ఆదివారం కోడికూర వండుకుని హాస్టల్‌కి వెళ్లాను. రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చున్నాం. పిల్ల బాగా చిక్కిపోయింది.

"నీ నవల చదివిన బిడ్డా," అన్నాను.

"ఏ నవల?"

కథ చెప్పాను. "అదా..." అంది అన్నం కలుపుతూ.

"ఆ పిల్ల వాళ్లమ్మకు ఎందుకు చెప్పలె?"

కలిపిన ముద్దను డబ్బాలోనే పక్కకు నెట్టింది. "చెప్తే ఏమైతది మమ్మీ? ఆమె గూడ పరేషాన్ అయితది. అంతే కదా."

"నువ్వు నాకు చెప్పు. ఏదైనా సరే."

"నాకేం లేదు మమ్మీ."

తన మొహంలో కోపం లేదు, అలక లేదు. అదే నన్ను భయపెట్టింది. బ్యాగులోంచి నవల తీసి ఇవ్వబోయాను.

"వద్దు. నాకిప్పుడు చదవాలని అనిపిస్తలే. ఎవరికన్న ఇచ్చెయ్."

"ఇంటికి పోదామా? చదువు సంగతి తర్వాత చూసుకుందాం."

"ఇంటికొచ్చి ఏం జెయ్యాలె?"

ఇంతలో టైమైపోయిందని లోపలి నుంచి విజిల్ వేశారు. డబ్బాలో కూర సగం కూడా తినలేదు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది... వెనక్కి చూడలేదు.

మా రోజుల్లో చెప్పేవాళ్లు లేరు, అయినా అడగాలని ఉండేది. ఇప్పుడు అన్నీ చెప్పే పుస్తకాలున్నాయి. నా బిడ్డకు అడగాలనే లేదు.

మీ ఇళ్లలో ఈ ఈడు పిల్లలుంటే, వాళ్లు మీకు ఏమైనా చెప్తారా? ముందు ఎవరు మాట్లాడతారు... ఎలా మొదలుపెడతారు? కాస్త రాయండి. మళ్లీ ఆదివారం వస్తోంది. అక్కడికి వెళ్లి నేనేం మాట్లాడాలో నాకు తెలియడం లేదు.